ఇంటి పద్దు మన చేతిలోనే ఉండవలెను

(రాయపూర్ నగరంలోని మోవాలో రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, పింఛను గురించి, ఖాళీల భర్తీ గురించి మనం సభలు జరుపుకొంటూనే ఉన్నాము. ఈ సాయంకాలం నేను ఎన్నుకొన్న విషయం వాటికన్న చిన్నదిగా కనిపించవచ్చును. నెల జీతం ఇంటికి వచ్చిన తరువాత ఏ దారిన పోతున్నది, దానిని ముందుగానే పద్దులవారీగా పంచుకొనడం ఎట్లా, ఆ లెక్క ఎవరి దగ్గర ఉండవలెను అన్నదే నా విషయం. కుటుంబాలతో సహా రమ్మని కోరినది ఇందుకే. ఇల్లాలు లేని సభలో ఇంటి ఖర్చును గురించి ఉపన్యసించడం, లోకో పైలట్లు లేని రన్నింగు రూములో సిగ్నళ్ళ గురించి బోధించినట్లుంటుంది.

మొదటనే ఒక మాట స్పష్టం చేయవలసి ఉన్నది. నేను పొదుపును గురించి ఉపదేశించడానికి రాలేదు. కార్మికునికి ఖర్చు పెట్టడం చేతకాదు, అందువల్లనే అప్పుల పాలవుతున్నాడు అనే వాదన యాజమాన్యాల నోట చాలాకాలంగా వింటున్నాము. దానిని నేను ఎన్నడూ అంగీకరించలేదు. నెలకు రెండు రకాల కూరలు మానుకొమ్మని చెప్పేవాడు ఆ ఇంటి లెక్క చూసి చెప్పడు. లెక్క మన దగ్గర ఉన్నప్పుడు ఆ మాటకు సమాధానం మన చేతిలోనే ఉంటుంది. లెక్క లేనప్పుడు వాని మాటే చెల్లుతుంది.

ఈ మోవాలోను, పండ్రిలోను, డబ్ల్యు.ఆర్.ఎస్. కాలనీలోను స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అనేకం రైలు పట్టాల వెంట వచ్చినవే. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో, 1931లో, పార్వతీపురం నుండి రాయపూర్ వరకు మార్గం పూర్తి అయినది. విశాఖ రేవుకు ఈ ప్రాంతపు సరుకు చేరవేయడం దాని ఉద్దేశం. సరుకు అటు పోతే, మనుషులు ఇటు వచ్చారు. తరాలు మారినా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలోని ఇంటికి నెలనెలా పంపే డబ్బు ఆగలేదు. ఇక్కడ అద్దె, అక్కడ తలిదండ్రుల మందులు. సొంత ఊరిలో ఉన్నవానికి గాదెలో గింజలు, పెరటిలో ఆనపకాయ ఉండవచ్చును. ఇక్కడ కరివేపాకుతో సహా కొనవలసినదే. రెండు ఇళ్ళను ఒకే జీతంతో నడిపేవానికి పద్దు వ్రాయడం అలంకారం కాదు.

ఇక లెక్కలోకి వద్దాము. రెండవ స్థాయిలో 26,000 రూపాయల మూల వేతనం గల ఒక టెక్నీషియన్‌ను ఉదాహరణగా తీసుకొంటాను. 2025 జూలై నుండి అమలైన 58 శాతం లెక్కన కరువు భత్యం 15,080. రాయపూర్ ‘వై’ తరగతి నగరం గనుక ఇంటి అద్దె భత్యం 20 శాతం, అనగా 5,200. రవాణా భత్యం దాని మీది కరువు భత్యంతో కలిపి 2,844. మొత్తం 49,124 రూపాయలు. ఇందులో పింఛను పథకం కింద 4,108, సామూహిక బీమా 30, సహకార సంఘపు అప్పు వాయిదా 6,000 పోగా చేతికి వచ్చేది 38,986. ఈ వాయిదా అందరికీ ఉండకపోవచ్చును. కాని ఉన్నవారే ఎక్కువ, కనుక కలిపినాను.

ఇంటి అద్దె 8,000 అనుకొందాము. కిరాణా సరుకులు, గ్యాసు 9,000. పాలు, కూరగాయలు, గుడ్లు, చేపలు 6,500. కరెంటు, ఫోను 1,800. పెట్రోలు 1,600. ఊరికి పంపేది 4,000. పిల్లవాని ట్యూషను 1,500. మందులు, చిల్లర 1,200. కూడితే 33,600. మిగిలేది 5,386. ఇక్కడికి లెక్క బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ‘నెలకు అయిదువేలు మిగులుతున్నది, మరి ఎటు పోతున్నదో తెలియడం లేదు’ అని చెప్పే సోదరులు ప్రతి బ్రాంచిలోను ఉన్నారు.

ఎటు పోతున్నదంటే, నెలకు కాక సంవత్సరానికి ఒకసారి వచ్చే ఖర్చులలోనికి పోతున్నది. బడి ఫీజు, పుస్తకాలు, దుస్తులు కలిపి 30,000. జీవిత బీమా ప్రీమియం 12,000. పండుగలకు 9,000. పాసు మీద ప్రయాణం ఉచితమైనా ఊరికి పోయిరావడం, పెళ్ళిళ్ళు, పేరంటాలు 6,000. మోటారు సైకిలు బీమా, మరమ్మతులు 3,000. ఇవి 60,000 రూపాయలు. పన్నెండు నెలలకు పంచితే నెలకు 5,000. అంటే ఆ 5,386లో నిజంగా మిగిలేది 386 రూపాయలు. మన టెక్నీషియన్ దుబారా మనిషి కాడు. ఆయన ఇంట నెలకు ఒక సినిమా టిక్కెట్టుకు మాత్రమే చోటున్నది.

ఈ అయిదువేలను ప్రతి నెలా విడిగా తీసిపెట్టకపోతే ఏమవుతుంది? జూన్ నెలలో బడి తెరుస్తారు. 30,000 ఒక్కసారిగా కట్టవలెను. ఉన్నదంతా ఖర్చయిపోయి ఉంటుంది గనుక వడ్డీ వ్యాపారి దగ్గరకు పోవలసివస్తుంది. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 900. పిల్లల విద్యా భత్యం, నెలకు 2,812 రూపాయల 50 పైసల లెక్కన సంవత్సరానికి 33,750, తప్పక వస్తుంది. కాని విద్యా సంవత్సరం ముగిసిన తరువాత వస్తుంది. ఈలోగా పది నెలలు గడిస్తే వడ్డీ 9,000. మనకు దసరా ముందు వచ్చే ఉత్పాదకతా బోనసు, 78 రోజులకు, 7,000 రూపాయల పరిమితి మీద లెక్కించి ఇచ్చేది, 17,951. అందులో సగం ఆ వడ్డీకే చెల్లు. బోనసు కోసం మనం ఎన్ని ధర్నాలు చేసినామో గుర్తు చేసుకొనండి. ఆ పోరాట ఫలంలో సగం, తేదీలు కలవకపోవడం వల్లనే, వడ్డీ వ్యాపారి సంచిలోనికి పోతున్నది.

అదే నెలకు 5,000 విడిగా ఉంచిన ఇంటికి భత్యం 33,750, బోనసు 17,951, కలిపి 51,701 రూపాయలు పూర్తిగా మిగులుతుంది. సహకార సంఘపు అప్పు ఒక సంవత్సరంలో చాలావరకు తగ్గించుకొనవచ్చును. జీతం ఒకటే, ఖర్చు ఒకటే, మారినది తేదీ మాత్రమే. పద్దు వ్రాయడం వల్ల ప్రయోజనం ఏమని అడిగేవారికి నేను చెప్పే సమాధానం ఇది.

ఇట్లా సొమ్మును ముందుగానే పేర్లు పెట్టి విడదీయడాన్ని ఇంగ్లీషువారు కవర్ల పద్ధతి అంటారు. ఒక్కొక్క ఖర్చుకు ఒక్కొక్క కాగితపు కవరు. మనకు ఇది కొత్త కాదు. తిరుపతి మొక్కుకు పసుపుగుడ్డలో ముడుపు కట్టిన సొమ్మును ఇంట ఎంత ఇబ్బంది వచ్చినా విప్పము. ఆ రూపాయికి పేరు పెట్టినాము గనుక అది వేరొకందుకు పనికిరాదు. పోపుల డబ్బాలో, బియ్యపు డబ్బా అడుగున మన తల్లులు దాచిన సొమ్ము కూడా ఈ శాస్త్రమే. బడి ఫీజు ఒక ముడుపు, బీమా ఒక ముడుపు, ఊరి ప్రయాణం ఒక ముడుపు. జీతం పడిన రోజుననే ముడుపు కట్టవలెను. నెలాఖరున మిగిలినదానితో కడదామంటే ఏమీ మిగలదు. ఆ సొమ్మును జీతం పడే ఖాతాలో కాక వేరే ఖాతాలో ఉంచడం మంచిది. తపాలా సోదరులు ఉన్న సభలో పోస్టాఫీసు పొదుపు ఖాతా సంగతి నేను వేరుగా చెప్పనవసరం లేదు. రికరింగ్ డిపాజిట్టులో పన్నెండు వాయిదాలు కట్టిన తరువాత అందులో సగం వరకు అప్పు తీసుకొనే వీలున్నదని, దాని వడ్డీ డిపాజిట్టు వడ్డీకన్న రెండు శాతమే ఎక్కువని మాత్రం మన రైల్వే సోదరులలో చాలామందికి తెలియదు. కౌంటరు దగ్గర కూర్చున్నవారు ఆ సంగతి చెప్పవలెను.

ఇక సాధనం సంగతి. నోటుపుస్తకం చాలదా అని పెద్దలు అడుగుతారు. తప్పక చాలును, వ్రాసేవారుంటే. చిట్టా, ఆవర్జా ఉంచిన కిరాణా వర్తకులు తరతరాలు కాగితం మీదనే వ్యాపారం చేసినారు. కాని నేటి పరిస్థితిలో రెండు మార్పులు వచ్చినవి. యు.పి.ఐ. 2016లో వచ్చినప్పటి నుండి క్రమంగా చేతిలోని నోట్లు పోయినవి. జేబులో అయిదు వందలు ఉంటే, అవి రెండు వందలైనప్పుడు కంటికి కనిపించేది. ఇప్పుడు టీకి పది, ఆటోకు నలభై, సంతలో అరవై అని గడులబొమ్మ మీద ఫోను చూపితే పోతున్నది. రోజుకు పది చెల్లింపులు రాత్రి వరకు ఎవరికి జ్ఞాపకం ఉంటాయి? రెండవది, మన ఉద్యోగ స్వభావం. గార్డు డ్యూటీ మీద డోంగర్‌గఢ్‌లో ఉంటాడు, పుస్తకం మోవాలో ఉంటుంది. అందువల్ల ఫోనులోనో కంప్యూటరులోనో వ్రాయడం సహజంగానే వచ్చినది. దానిని నేను వద్దనను. ఏ సాధనమన్నదే ప్రశ్న.

ఖర్చులు తనంతట తానే లెక్కవేస్తానని చెప్పే యాప్‌లు అనేకం ఉచితంగా దొరుకుతున్నవి. మనం ఏమీ వ్రాయనవసరం లేదు. ‘మీ ఎస్.ఎం.ఎస్.లు చదవడానికి అనుమతి ఇవ్వండి’ అని అడుగుతుంది. ఇస్తాము. అక్కడి నుండి బ్యాంకు పంపే ప్రతి సందేశం అది చదువుతుంది. జీతం ఎంత, ఏ తేదీన పడుతున్నది, వాయిదా ఎప్పుడు తప్పినది, ఇరవై రెండవ తేదీకి ఖాతాలో ఎంత మిగిలినది, అన్నీ తెలిసిపోతాయి. మన భార్యకు చెప్పడానికి సంకోచించే విషయం ముఖం తెలియని వ్యాపారికి ముందే తెలుసు. ఇరవై రెండవ తేదీన ఖాతాలో ఆరువందలు ఉన్న మనిషికి ఇరవై మూడవ తేదీన ‘అయిదు నిమిషాలలో అప్పు’ అనే ప్రకటన కనిపిస్తే అది దైవికం అనుకోవలసిన పని లేదు.

ఇది ఊహ కాదనడానికి మన తెలుగు గడ్డనే నిదర్శనం. 2020 చివరి నెలలలో హైదరాబాదు పరిసరాలలో తక్షణ ఋణ యాప్‌ల వేధింపుల వల్ల కొందరు ప్రాణాలు తీసుకొన్నారు. ఫోనులోని పేర్ల జాబితా మొత్తం తీసుకొని, బంధువులకు, సహోద్యోగులకు ఫోనులు చేసి పరువు తీయడం వారి వసూలు పద్ధతి. పోలీసులు ఆ డిసెంబరులో అరెస్టులు చేసినారు. 2021 జనవరిలో రిజర్వు బ్యాంకు ఒక అధ్యయన బృందాన్ని నియమించినది. 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు వెలువడినవి. అప్పులిచ్చే యాప్‌లు ఫోనులోని పేర్ల జాబితాను, ఫైళ్ళను, కాల్ వివరాలను ముట్టుకొనరాదని నియమం పెట్టినారు. 2025 మే నెలలోని ఆదేశాలలో దానిని కొనసాగించినారు. మంచిదే. కాని ఇది అప్పులిచ్చే యాప్‌లకు వర్తించే నియమం. ‘మేము అప్పు ఇవ్వము, ఖర్చులు లెక్కవేస్తాము’ అని చెప్పే ప్రతి యాప్ దాని కిందికి రాదు.

ఉచితంగా ఇచ్చేవారు మన మీద దయతో ఇవ్వరని చెప్పడానికి విదేశపు ఉదాహరణ ఒకటి ఉన్నది. అమెరికాలో మింట్ అనే ఇంటి బడ్జెట్టు సాధనం 2007లో ప్రారంభమైనది. రుసుము లేదు. ఋణ కార్డులు, ఆర్థిక సేవల ప్రకటనల మీద దాని రాబడి. 2009లో ఇంట్యూట్ అనే పెద్ద సంస్థ దానిని కొన్నది. 2024 మార్చిలో మూసివేసి, వాడుకరులను తన మరొక సేవకు మారమన్నది. ఎన్నో సంవత్సరాలు తమ ఇంటి లెక్క అందులో ఉంచుకొన్న కుటుంబాలు ఆ లెక్కను మరొక చోటికి తరలించుకొనడానికి హడావుడి పడవలసివచ్చినది. మన పద్దు పరాయివాని అలమరలో ఉంటే తాళం చెవి వానిదే.

పరాయి అలమరలో పెట్టనవసరం లేని సాధనాలు ఉన్నవి. గ్నూక్యాష్ అనేది ఒకటి. దాని మొదటి స్థిరమైన రూపం 1998లో వచ్చినది. ధర లేదు, దాని లోపలి వ్రాత ఎవరైనా చూడవచ్చును, సరిచేయవచ్చును. మన లెక్క మన కంప్యూటరులోనే ఒక ఫైలుగా ఉంటుంది. ప్రతి రూపాయిని ఎక్కడి నుండి వచ్చినది, ఎక్కడికి పోయినది అని రెండు చోట్ల వ్రాయించే జంటపద్దు విధానం గనుక అకౌంట్సు విభాగం సోదరులకు ఇది నచ్చుతుంది. మిగిలినవారికి కొంత బరువు. యాక్చువల్ అనేది మరొకటి. ఇది ముందు రుసుముతో నడిచి, 2022లో అందరికీ విడుదల చేయబడినది. నేను చెప్పిన ముడుపుల పద్ధతి దీని ప్రాణం. ఉన్న సొమ్ముకే పేర్లు పెట్టనిస్తుంది, రాబోయే సొమ్మును లెక్కలోకి రానివ్వదు. లెక్క మన యంత్రంలోనే ఉంచుకొనవచ్చును. దీనిని అమర్చుకొనడానికి ఇంట చదువుకొన్న పిల్లల సహాయం కావలసిరావచ్చును. ఈ రెండూ కష్టమనుకొన్నవారికి లిబ్రేఆఫీసులోని సాదా పట్టిక చాలును. ఒక నిలువు వరుసలో ముడుపు పేరు, పక్కన పెట్టిన సొమ్ము, దాని పక్కన వాడినది, చివర మిగిలినది. పేర్లు తెలుగులో వ్రాసుకొనండి. ‘అమ్మ మందులు’ అని ఉంటే ఆ సొమ్మును మరొకందుకు తీయడానికి చేయి రాదు.

నేను ఏ సాధనానికీ ఏజెంటును కాను. రేపు మరొకటి రావచ్చును. ఏది వచ్చినా పరీక్షించే పద్ధతి తెలిస్తే చాలును. ఫోనులో డేటా ఆపివేసి తెరచి చూడండి. తెరుచుకొనకపోతే లెక్క మీ దగ్గర లేదు. సందేశాలు, పేర్ల జాబితా చదవడానికి అనుమతి అడిగితే లెక్క వ్రాయడానికి అవి ఎందుకని ప్రశ్నించండి. మీ పద్దులన్నీ ఒక సాదా ఫైలుగా బయటకు ఇవ్వగలదా చూడండి. చివరగా, దానిని తయారు చేసినవాడు ఎట్లా బ్రతుకుతున్నాడో ఆలోచించండి. వానికి మీరు రుసుము చెల్లిస్తుంటే అది వ్యాపారం. మీరేమీ చెల్లించకపోయినా వానికి రాబడి వస్తుంటే, అమ్ముడుపోతున్నది ఏమిటో వెదకవలసి ఉన్నది. ఆ లెక్క ఫైలులో ఆధార్ సంఖ్య, బ్యాంకు రహస్య సంఖ్యలు ఎన్నడూ వ్రాయరాదు. నెలకొకసారి దాని నకలు ఒక పెన్ డ్రైవులో తీసి ఇంట ఉంచవలెను. ఫోను రైలులో పోగొట్టుకొన్నా పద్దు పోకూడదు.

2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు ఇచ్చినది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం వచ్చినది. ఈ హక్కును కంపెనీల ఎదుట అడగవలసిందే. అయితే గోప్యత పేరుతో ఇంటిలో ఒకరికొకరు దాచుకొనడం వేరే సంగతి. పద్దు భార్యాభర్తలిద్దరూ కూర్చొని వ్రాయవలెను. అప్పు దాచిన ఇంటిలో ఏ సాధనమూ పనిచేయదు. సోదరీమణులకు ఒక మాట. ‘ఆయన లెక్కలు ఆయన చూసుకొంటారు’ అనే మర్యాద మాటను ఇకనైనా మానవలెను. నెలకు 386 రూపాయలు మిగిలే ఇంటిలో ఆ లెక్క ఒకరి సొత్తు కారాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కుటుంబ సంక్షేమ కార్యక్రమం వంటి ఈ మాటలు సంఘం వేదిక మీద ఎందుకని కొందరు నాయకులే అడిగినారు. మన వేతన పోరాట చరిత్ర యావత్తూ ఇంటి పద్దు చుట్టూ తిరిగినదని వారికి జ్ఞాపకం చేయవలసి ఉన్నది. 1957 జూలైలో న్యూఢిల్లీలో సమావేశమైన పదిహేనవ భారత కార్మిక మహాసభ కనీస వేతనాన్ని ఎట్లా లెక్కించినది? కుటుంబానికి మూడు వినియోగ యూనిట్లు, ఒక్కొక్క యూనిట్టుకు దినమునకు 2,700 కాలరీల ఆహారం, నలుగురికి సంవత్సరానికి 72 గజాల బట్ట, ప్రభుత్వ పారిశ్రామిక గృహాల లెక్కన అద్దె, ఇంధనం, దీపం, ఇతరాలకు 20 శాతం. ఇది ఒక ఇంటి బడ్జెట్టు కాక మరేమిటి? ఆహారపు లెక్క డాక్టర్ ఎయిక్రాయిడ్ సూత్రం. ఆయన కూనూరులోని పోషకాహార పరిశోధనాలయానికి డైరెక్టరు. ఆ పరిశోధనాలయమే తరువాత మన హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధి చెందినది. 1968 సెప్టెంబరు 19న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు ఒకరోజు సమ్మె చేసినది అవసరాల ఆధారిత కనీస వేతనం కోసమే. ఆ రోజు రైలు నడపనివారు, ఉత్తరాలు పంచనివారు ఎందరో జైళ్ళు చూసినారు, ఉద్యోగాలు పోగొట్టుకొన్నారు. 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీం కోర్టు, పిల్లల చదువు, వైద్యం, పండుగలు, వృద్ధాప్యం, పెళ్ళిళ్ళ కోసం ఇంకొక 25 శాతం చేర్చవలెనన్నది. మన టెక్నీషియన్ పద్దులో నెలకు 5,000 మింగిన ముడుపులలో చాలాభాగం ఇవే గదా.

ఏడవ వేతన సంఘం ముందు ఉద్యోగుల పక్షం 26,000 రూపాయల కనీస వేతనం కోరినది. 18,000 ఇచ్చినారు. సరుకుల ధరలను ప్రభుత్వం ఒక విధంగా చూపితే, అంగడిలో మరొక విధంగా ఉన్నవని మనవారు వాదించినారు. ధరల మీద అటువంటి వాదం మళ్ళీ వచ్చినప్పుడు కేవలం వాగ్ధాటి చాలదు, కాగితం కావలెను. ఎనిమిదవ వేతన సంఘం 2025 నవంబరులో ఏర్పాటైనది, పదునెనిమిది నెలల గడువుతో. శాస్త్రి బజారులో కందిపప్పు ఏ నెలలో ఎంత అన్నది వెయ్యి ఇళ్ళ పద్దులు చెప్పినప్పుడు దానిని తోసిపుచ్చడం తేలిక కాదు.

కరువు భత్యం సంగతీ అంతే. అది పారిశ్రామిక కార్మికుల వినియోగదారుల ధరల సూచిపై ఆధారపడినది. ఆ సూచి ఏడు రంగాల కార్మిక కుటుంబాల ఖర్చుల సర్వే మీద నిలిచినది, రైల్వే వాటిలో ఒకటి. 2001 ఆధారంగా ఉన్న సూచిలో ఆహారానికి నూటికి 46.2 భాగం ఉండేది. 2016 ఆధార సంవత్సరంగా 2020 అక్టోబరులో వెలువడిన కొత్త సూచిలో అది 39.17కు తగ్గినది. పప్పు ధర పెరిగితే భత్యం మునుపటి అంతగా పెరగదని దీని భావం. మన టెక్నీషియన్ ఇంట ఆహారం నెలకు 15,500, మొత్తం ఖర్చులో సుమారు 40 శాతం. సూచికి దగ్గరగానే ఉన్నది. కాని అందరి ఇల్లూ ఆయన ఇల్లు కాదు. గ్రామీణ డాక్ సేవకులలో బ్రాంచి పోస్టుమాస్టరుకు 2018 జూలై నుండి కనీసం 12,000. అదే 58 శాతం కరువు భత్యం కలిపితే 18,960. ఆ ఇంటివారు కూడా అదే తిండి తినవలెనంటే రాబడిలో నూటికి 81 పైగా భోజనానికే పోవలెను. అట్లా ఎవరూ బ్రతకలేరు. అందుచేత పాలు తగ్గుతాయి, పప్పు పలచబడుతుంది, గుడ్డు పిల్లవానికే పరిమితమవుతుంది. తగ్గించుకొన్న తరువాత లెక్క సరిపోతుంది. సరిపోయిన లెక్కను చూసి ‘వీరికి చాలుతున్నది’ అని అధికారి వ్రాసుకొంటాడు.

అందువల్ల మీ పద్దులో ఒక వరుసను నా కోసం అదనంగా చేర్చవలెనని కోరుతున్నాను. ఏ తయారీ సాధనంలోను అది ఉండదు. ‘కొనలేకపోయినవి’ అని పేరు పెట్టండి. ఈ నెల వైద్యుడు చెప్పిన పరీక్ష వాయిదా వేసినామా, అమ్మాయికి కంప్యూటరు కోర్సు మానిపించినామా, ఊరిలో పెళ్ళికి ఒక్కరే పోయివచ్చినామా, ధరతో సహా వ్రాయండి. ఖర్చు చేసిన దానికి రసీదు ఉంటుంది, మానుకొన్నదానికి ఏ రసీదూ లేదు. 2020 జనవరి నుండి 2021 జూన్ వరకు పదునెనిమిది నెలలు కరువు భత్యపు పెంపు నిలిపివేసినారు. 2021 జూలైలో 28 శాతంగా పునరుద్ధరించినప్పుడు ఆ బకాయి ఇవ్వలేదు. ఆ కాలంలో మన ఇళ్ళలో ఏవేవి మానుకొన్నామో వ్రాసి ఉంచిన పుస్తకం ఎన్ని ఇళ్ళలో ఉన్నది? బకాయి ఎంతో మనకు లెక్క ఉన్నది. దాని వల్ల జరిగిన నష్టానికి మాత్రం లెక్క లేదు.

ఇంటి లెక్క ఇతరులకు ఇవ్వరాదని ఇంతసేపు చెప్పి, ఇప్పుడు సంఘానికి ఇమ్మంటున్నాడేమిటని కొందరు నవ్వుకొంటున్నట్లున్నది. న్యాయమైన సందేహమే. సంఘానికి కూడా మీ పద్దు ఇవ్వనవసరం లేదు, అడిగితే నిరాకరించండి. ఎవరి అప్పు ఎంతో కార్యదర్శికి తెలియవలసిన పని లేదు. ఎన్నికల కాలంలో ఆ సమాచారం ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. కావలసినది మూడు నెలలకొకసారి ఒక చిన్న కాగితం మాత్రమే. దాని మీద పేరు, టిక్కెట్టు నెంబరు, స్టేషను ఏవీ ఉండవు. కుటుంబంలో ఎందరు, ఆహారం ఎంత, అద్దె ఎంత, చదువు ఎంత, వైద్యం ఎంత, వడ్డీ ఎంత, కొనలేకపోయినవి ఏవి. కిలో బియ్యం, కందిపప్పు, నూనె, లీటరు పాలు ఏ ధరకు కొన్నారన్నది వెనుక వైపున. మడిచి పెట్టెలో వేయడమే.

ఆ కాగితాలు ఈ సాయంకాలం ద్వారం దగ్గర బల్ల మీద ఉన్నవి. మొదటి నెల లెక్క సరిగా రాదు, కూడిక తప్పుతుంది, రెండవ వారంలోనే వ్రాయడం మరచిపోతారు. దానికి దిగులు పడనవసరం లేదు, మూడవ నెలకు కుదురుకొంటుంది. పట్టిక తయారు చేయడం చూపించడానికి అకౌంట్సు విభాగం నుండి ఇద్దరు యువకులు లాప్‌టాప్‌తో వచ్చి వెనుక వరుసలో కూర్చొని ఉన్నారు. మీ జీతపు చీటీ వెంట ఉంటే ఇప్పుడే వారి దగ్గర కూర్చొని కోతలన్నీ ఒకసారి చదివించుకొనండి. వాయిదా తీరిపోయిన అప్పుకు ఇంకా కోత పడుతున్నదేమో ముందు అది చూడండి. లెక్క మాత్రం మీ ఫోనులోనే వ్రాయించుకొనండి, వారి లాప్‌టాప్‌లో వద్దు.